ఎల్లారెడ్డికి కట్టుకునే చీర

మా ఊరికి ఎల్లారెడ్డి పట్నం దూరమేమీ కాదు. అయినా మా అవ్వ, అంటే మా అమ్మ, పొలం చీరతో ఏనాడూ అక్కడికి వెళ్లలేదు. బీడీల ఆకు కోసం వెళ్లినా, ఎరువు బస్తా కోసం వెళ్లినా, ముందు కాళ్లు కడుక్కొని, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకునేది. పెళ్లయిన కొత్తలో బురద కాళ్లతో ఒక దుకాణం గడప తొక్కినందుకు ఎవరో బయటకు పొమ్మన్నారట. ఆ సంగతి నవ్వుతూనే చెప్పేది కానీ మరిచిపోలేదు.

ఆమెను మొదటిసారి కందిరీగ కుట్టింది బావి దగ్గర. మోటారు స్టార్టర్ డబ్బాలో గూడు ఉందని తెలియక మూత తీసింది. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మా వైపు దద్దుర్లు లేస్తే గొంగడితో రుద్దడం అలవాటు. పక్కింటి చిన్నమ్మ గొంగడి తెచ్చి అవ్వ వీపు రుద్దసాగింది.

“పైత్యం లేసింది అక్కా. రుద్దితె అణుగుతది.”

“మెల్లగ రుద్దవే, తోలు ఊడుతది” అని అవ్వ నవ్వబోయింది. నవ్వు సగంలోనే గొంతు బొంగురుపోయింది. పెదవులు ఉబ్బాయి. కండ్లు తిరుగుతున్నాయంది.

బాపు, నేను ఆమెను మోటారు సైకిలు మీద మా మధ్య కూర్చోబెట్టుకొని బయలుదేరాం. సగం దారిలో ఆమె తల వెనక్కి, నా భుజం మీదికి వాలిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. ఎల్లారెడ్డి దవాఖానలో డాక్టరు వెంటనే తొడకు ఇంజక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించాడు. కొంతసేపటికి అవ్వ కళ్లు తెరిచింది. తన ఒంటి వైపు చూసుకొని, “గీ చీర మీదనే తెచ్చిండ్రా?” అంది.

పంపించే ముందు డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇది పైత్యం కాదు. కందిరీగ విషం ఈమె ఒంటికి పడదు. మళ్లీ కుడితే ప్రాణం మీదికి రావచ్చు. అలర్జీ మాత్ర దురదను తగ్గిస్తుందే తప్ప ప్రాణాన్ని కాపాడదు. గొంతు బిగిసినా, కళ్లు తిరిగినా ఆలోచించకుండా తొడ బయటి వైపున ఇంజక్షన్ వేసి, అంబులెన్సును పిలవాలి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టవచ్చు. నిలబడనీయకూడదు, నడిపించకూడదు. “బాగయినట్టే అనిపిస్తుంది. అయినా లేవనీయవద్దు” అన్న మాట రెండుసార్లు చెప్పాడు.

మందు, సిరంజి ఇంట్లో ఉంచుకొమ్మని ఇచ్చి, ఎంత ఎక్కించాలో గీత గీసి చూపించాడు. బాపు సిరంజిలో నీళ్లు నింపి వంకాయల మీద నేర్చుకున్నాడు.

“కూర వండేటందుకు ఒక్కటన్న ఉంచుతవా?” అని అవ్వ ఎగతాళి చేసేది.

స్టార్టర్ డబ్బా జోలికి ఆమెను వెళ్లనీయలేదు. పొలానికి పోతే చేతులు కప్పేలా బాపు పాత అంగీ చీర మీద తొడుక్కోవాలని నిర్ణయమైంది. “నీ అంగీ తొడుక్కున్నంత మాత్రాన నువ్వు చెప్పినట్టు వింట అనుకోకు” అని ఆయనతో అనేది. కానీ తొడుక్కునేది.

తరువాత నాకు కామారెడ్డిలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కనుక, నేను ఆఫీసుకు పోవడం అవ్వకు పండుగలాగే ఉండేది. నాట్ల కాలంలో ఒకరోజు ఆఫీసులో ఉండగా చిన్నమ్మ ఫోన్ చేసింది.

“బిడ్డా, పొలం ఒడ్డు మీద అక్కను మల్ల కందిరీగ కుట్టింది. మీ బాపు సూది ఏసిండు. అంబులెన్సు వస్తున్నదట.”

“పండుకోబెట్టిండ్రా?”

“మంచం మీద మోసుకొచ్చి అరుగు మీద పండుకోబెట్టినం. కాళ్ల కింద గొంగడి మడిచి పెట్టినం.”

అన్నీ చెప్పినట్టే జరిగాయి. నేను ఊపిరి పీల్చుకునేలోగా అవ్వ ఫోన్ అందుకుంది. గొంతు తేటగానే ఉంది.

“నాకేం గాలె బిడ్డా. సూది ఏసినంక పానం నిమ్మలమైంది. నువ్వు నాగా పెట్టకు.”

“అవ్వా, లేవకు.”

“పండుకునే ఉన్న. గీ అంగీ ఒక్కటి తీసేసి చీర మార్చుకుంట. మీ బాపు అంగీ తొడుక్కొని ఎల్లారెడ్డికి వోవాల్నా?”

“అట్లనే పో అవ్వా. ఎవ్వరేమనరు.”

“నీకు తెల్వదు బిడ్డా. అంటరు.” ఆ తరువాత మాట నాతో కాదు: “ఏమయ్యా, పెట్టెలకెల్లి పచ్చచీర తేరాదు!”

నేను కేకలు వేశాను. ఫోన్ మళ్లీ చిన్నమ్మ చేతికి వచ్చింది. “జరంత చుట్టుకునేదాకనే బిడ్డా, నేను పట్టుకున్న” అంది. ఆ వెంటనే “అక్కా, అక్కా” అని అరిచింది.

నేను దవాఖాన చేరేసరికి అంతా అయిపోయింది. బురద చీర మీద పచ్చచీర నడుము దాకా చుట్టి ఉంది. బాపు అంగీ ఒక చేతికి ఊడి, ఇంకో చేతికి అలాగే ఉంది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఇంజక్షన్ సరిగ్గానే పడింది; కానీ ఆ స్థితిలో ఒక్కసారిగా లేచి నిలబడితే గుండెకు రక్తం అందదు. బాపు లోపల ఆమె పక్కన ఉన్నందున ఆ మాట వినలేదు.

మట్టి చేసి వచ్చిన రోజు సాయంత్రం ఆయన నన్ను అడిగాడు.

“సూది సక్కగనే ఏసిన గద?”

“సక్కగనే ఏసినవు బాపూ. డాక్టర్ గూడ గదే చెప్పిండు.”

“కాళ్లు గూడ ఎత్తుకే పెట్టినం.”

“అవును బాపూ.”

“చీర నేనే తీసిచ్చిన” అన్నాడు.

ఇప్పుడు ఊళ్లో ఎవరినైనా కందిరీగ కుట్టి ఒళ్లు ఉబ్బితే, మళ్లీ కుడితే ఏం చేయాలో తెలుసుకోవడానికి, నేను సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటికే వస్తారు. గొంగడి గురించి, మాత్ర గురించి, ఇంజక్షన్ గురించి, పడుకోబెట్టడం గురించి చెబుతాను. బాపు గోడకు ఆనుకొని వింటూ ఉంటాడు. కాళ్లు ఎత్తులో పెట్టే మాట వరకు వచ్చాక, ఆయన లేచి చెప్పులు తొడుక్కొని బయటకు నడుస్తాడు. చెప్పుల చప్పుడు వినబడకుండా పోయేదాకా ఆగి, లేవనీయవద్దన్న మిగిలిన మాట చెబుతాను.