పక్కింటి నుంచి వచ్చిన అన్నం

నా చిన్నప్పుడు మా జాలరిపేట పిల్లలకు ఎక్కాల కంటే ముందు పోర్టువాళ్ల తుఫాను హెచ్చరికల అంకెలు వచ్చేవి. మూడో నంబరు పడితే బోట్లు కదలకూడదు. ఆ అంకె ఇంకా పెరిగిన రోజున మా నాన్న ఎక్కిన మరబోటు సముద్రం మీదే ఉంది. మిగతావన్నీ హార్బరుకు చేరాయి, నాన్నది చేరలేదు.

పొద్దుటి నుంచి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పొయ్యి వెలిగించలేదు. గాలికి పైన రేకులు కొట్టుకున్నప్పుడల్లా ఎవరో కబురు తెచ్చారేమోనని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. అంతలో పక్కింటి అత్త గిన్నెలో అన్నం, చారు పట్టుకొచ్చింది. పాపం, పిల్ల పస్తుంటుందని జాలిపడి తెచ్చింది, అంతే. కానీ మా పేటలో పొయ్యి వెలగని ఇంటికి పక్కింటి అన్నం ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. చావు జరిగినప్పుడే వస్తుంది. ఆ గిన్నె చూడగానే నాన్న ఇక లేడనుకున్నాను. వణుకుతూ వెళ్లి అమ్మను కరుచుకున్నాను. తాను చేసిన పనికి అర్థమేమిటో అప్పుడు తట్టి, అత్త గుమ్మంలోనే బిక్కచచ్చి నిలబడింది.

మా నాయనమ్మ నోరు మంచిది కాదని పేటంతా ఎరుగుదురు. ఆ వేళ మాత్రం అత్తను తిట్టలేదు. గిన్నె అందుకుని పక్కన పెట్టి, అత్తను లోపల కూర్చోబెట్టింది. తర్వాత నన్ను పిలిచి పొయ్యి రాజేయమంది. తడి కర్రలు ఓ పట్టాన అంటుకోలేదు, ఊది ఊది కళ్లు మండాయి. ఎసరు మరిగాక నాన్న వాటా బియ్యం కూడా కలిపి పోసింది. దణ్ణం పెట్టుకుని, మీ నాన్నని గంగమ్మ తల్లికి అప్పజెప్పేశాను, ఇక దిగులు పడకు అంది.

నాకు ఉక్రోషం వచ్చింది. మా తాతయ్య కూడా వేటకెళ్లి తిరిగిరాని మనిషే. ఆయన్నీ ఆ తల్లికే అప్పజెప్పావు కదా, మరి రాలేదేమని అడిగేశాను. అమ్మ ఉలిక్కిపడింది. నాయనమ్మ గరిటె తిప్పడం ఆపింది. కొట్టేస్తుందనుకున్నాను.

"రానేదు గుంటా. ఎంత ఏడిసినా రానేదు. నానేడిసినన్నాళ్లూ ఆ తల్లి నా పక్కనుంచి కదల్నేదు. నేకపోతే పిల్లల్తోటి నాను బతికుందునేటి? మీ నాన్న వత్తాడో రాడో నాకూ తెల్దు. నాకూ బయమేత్తంది. ఆ తల్లి మనల్ని వదల్దని మాత్రం తెలుసు."

ఏం కాదులే అని ఊరడించేవాళ్లే గానీ, నాకూ భయమేస్తోందన్న పెద్దవాళ్లను నేను అంతవరకు చూడలేదు. ఆ మాట విన్నాక చిత్రంగా నా వణుకు తగ్గింది. అత్తతో కలిసి నలుగురం అన్నం తిన్నాం. అమ్మ కూడా రెండు ముద్దలు తింది.

మర్నాడు మధ్యాహ్నం నాన్న వచ్చాడు. ఇంజను చెడి బోటు భీమిలి వైపు కొట్టుకుపోయిందట. నాయనమ్మ అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన్ని నోరారా తిట్టింది.

ఇప్పుడు మా అబ్బాయి వేటకెళ్తున్నాడు. గాలి తిరిగిందంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. వాణ్ని క్షేమంగా తెచ్చివ్వమని గంగమ్మకు మొక్కుతాను, చేతులు వణుకుతూనే ఉంటాయి. తేకపోయినా నన్ను ఒంటరిగా వదలకు తల్లీ, అని కూడా అడుగుతాను. అది అడిగాకే వణుకు ఆగుతుంది.