హన్మంతన్న రక్తంలో రాగి

అబుదాబి పారిశ్రామికవాడలోని కేబుల్ ఫ్యాక్టరీలో హన్మంతన్న పదకొండేళ్లు రాగి తీగ లాగాడు. వేలిమందం కడ్డీ యంత్రంలోకి పోయి వెంట్రుకంత సన్నగా బయటికొచ్చేది. ఎక్కడ తెగిందో చప్పుడును బట్టే చెప్పేవాడు. ఊరు జగిత్యాల దగ్గర. లేబర్ క్యాంపులో మా ఎనిమిదిమంది గదికి ఆయనే పెద్ద. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ని. ఇంగ్లిష్ చదవగలనని ఆస్పత్రికి తోడుగా నన్నే తీసుకుపోయేవాడు.

2005లో ఆయనకు ఎడమ కిడ్నీ తీసేశారు. క్యాన్సర్. ఆర్నెల్లకు ఊపిరితిత్తుల్లో రెండు మచ్చలు కనబడ్డాయి. ఆస్పత్రిలో ఆయన్ని చూసే డాక్టరు, ప్రయోగంలో ఉన్న మందొకటి ఉంది, ఇష్టమైతే ఇస్తానన్నాడు. కణితి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలట. వాటిని రప్పించే సంకేతాలు పంపాలంటే కణితికి రాగి కావాలట. ఒంట్లో రాగి తగ్గిస్తే పెరగడం ఆగవచ్చు. ఆగుతుందని మాత్రం ఆయన మాటివ్వలేదు.

"పదకొండేండ్లు రాగి బువ్వ పెట్టింది. గిప్పుడు నన్నే తినబట్టె" అని హన్మంతన్న నవ్వాడు.

అక్కడి నర్సు కృపాకుమారిది భీమవరం వైపు. తెలుగులో వివరంగా చెప్పింది. రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ నలభై రెండు ఉంది, పదిహేనుకు దిగాలి, ఎనిమిది వారాల్లో దిగకపోతే మందు ఆపేస్తారు. తినకూడని వాటి కాగితం కూడా ఇచ్చింది: కార్జం, జీడిపప్పు, రొయ్యలు. నేను చదివి వినిపించాను. శుక్రవారం మెస్‌లో అందరూ కార్జం ఫ్రై తింటుంటే ఆయన పప్పుతో లేచిపోయేవాడు.

నాలుగో వారం నలభై. ఫ్యాక్టరీలో ఎగిరే రాగి పొడి మీద అనుమానంతో డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఫ్యాక్టరీ మేనేజరు ముదీర్ ఆయన్ని ప్యాకింగ్‌కు మార్చాడు. ఎనిమిదో వారం ముప్పై తొమ్మిది.

కృపాకుమారి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "హన్మంతు గారూ, నిజం చెప్పండి. రొయ్యలేమన్నా తిన్నారా?"

"రొయ్య మొకం సూడక రెండు నెల్లాయె సిస్టరమ్మా."

"పొద్దున్నే ఏం తీసుకుంటారు?"

"నిమ్మకాయ నీళ్లు. గోలీలకు వాంతికొస్తదని గీ తమ్ముడు కలిపి పెడ్తడు."

"దేంట్లో కలుపుతారండీ?"

"చెంబుల" అన్నాను నేను.

"ఏ చెంబు?"

చెప్పాను. రాత్రే కలిపి ఉంచుతాననీ చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది.

"రాగి చెంబులో నిమ్మకాయ పిండి రాత్రంతా ఉంచారా? మీ ఇంట్లో ఆడవాళ్లు చూసుంటే చెయ్యి విరగ్గొట్టేవారు బాబూ."

ఆ చెంబు ఆయన భార్య బాలవ్వ పంపింది. రాత్రి నీళ్లు పోసి పరగడుపున తాగితే ఒంటికి మంచిదని, సెలవు నుంచి తిరిగొచ్చే వాడి చేతికిచ్చి పంపింది. నేను తెల్లవారకముందే డ్యూటీకి పోవాలి కనుక నిమ్మకాయ కూడా రాత్రే పిండేవాణ్ని. రాగిలో పులుపు పోయకూడదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పులుపుకు రాగి నీళ్లలోకి దిగుతుంది. గదిలో ఎనిమిదిమందిమీ చూశాం, ఒక్కడికీ తట్టలేదు. కాగితం రాసినవాళ్లకూ తట్టలేదు.

డాక్టరు ఇంకో ఆరు వారాలు ఇచ్చాడు. స్టీలు గ్లాసులోకి మార్చాం. ప్రోటీన్ పద్నాలుగుకు దిగింది. ఆ రోజు కృపాకుమారి మాకు టీ తెప్పించింది. మర్నాడు స్కాన్ తీశారు. రెండు మచ్చలు ఐదయ్యాయి, ఒకటి వెన్నెముకలో. మందు ఆపేశారు.

ఆ ఎనిమిది వారాలు పాడవకపోతే ఆగేదా అని డాక్టర్ని నేరుగా అడిగాను. "తెలియదు. ఈ మందు పనిచేస్తుందా లేదా అన్నదే ఇంకా తెలియదు" అన్నాడు. అబద్ధం చెప్పినా బాగుండేది.

తిరిగొచ్చే బస్సులో హన్మంతన్న నా వైపు తిరిగాడు. "మీ వదినెకు ఫోన్ చెయ్యి తమ్మీ. మందు పడలేదని చెప్పు. నీళ్ల ముచ్చట ఎత్తకు."

"నిమ్మకాయ పిండింది నేను గదన్నా."

"పంపింది అది గద. తెలిస్తే అది బతుకది. నువ్వైతే మోస్తవు."

క్యాంపు గేటు దగ్గర ఫోన్ చేశాను. ఆయన పక్కనే నిలబడ్డాడు.

"మందు పడలే వదినె."

"గది పడకుంటే ఇంకోటి ఇయ్యరా?"

"ఇస్తరు" అన్నాను.

ఆయనకు ఫోనియ్యమంది. హన్మంతన్న వద్దని చెయ్యి ఊపాడు. పండుకున్నడని చెప్పాను.