పడినవాడు లేచే సినిమాలు

ఖతార్‌లోని అల్ వక్రాలో ఇవాళ పొద్దుటి నుంచి దుమ్ముగాలి. కిటికీలన్నీ మూసినా ఇసుక ఎలాగో టీలోకి చేరింది. గుటక వేయగానే పళ్ళ మధ్య కరకరమంది. వెంటనే దానియేలన్న గుర్తొచ్చారు. ఇలాంటి గాలి వీచిన శుక్రవారాల్లో ఆయన మరీ హుషారుగా ఉండేవారు. ఇవాళ సినిమా బయటా ఆడుతోంది, లోపలా ఆడుతోంది అనేవారు.

ఆయనది కాకినాడ దగ్గర పల్లె. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో పరంజాలు కట్టే ముఠాకు ఫోర్‌మన్. నేను జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చి, అదే కంపెనీలో హాజరు రాసే పనిలో చేరాను. అక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థనకు వెళ్ళొచ్చి భోజనం కాగానే, క్యాంప్ మెస్సులోని టీవీకి తన పాత లాప్‌టాప్ తగిలించమని ఆయన నన్ను పిలిచేవారు. ఎప్పుడూ ఒకటే రకం: ఇటలీవాళ్ళు తీసిన కౌబాయ్ సినిమాలు. కాకినాడలో ఐటీఐ చదివే రోజుల్లో ఉదయం ఆటలకు వెళ్ళి వాటికి మరిగారట. మన తెలుగు హీరోలు టోపీలు పెట్టి గుర్రాలెక్కింది కూడా వీటిని చూసేనని గర్వంగా చెప్పేవారు, తానే దగ్గరుండి ఎక్కించినట్టు.

నేపాలీలు, మలయాళీలు, మా వైపు వాళ్ళు అందరం చేరేవాళ్ళం. ఇంగ్లీషు మాటలు సగం మందికి అర్థమయ్యేవి కావు. నష్టమేమీ లేదు, పెదవులు కదిలేది ఒకలా, మాట వినిపించేది ఇంకోలా ఉండే సినిమాలవి. ఎండ, చెమట, మట్టి కొట్టుకుపోయిన ముఖాలు. తెర నిండా రెండు కళ్ళు. తుపాకీ పేలేముందు వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నంతసేపూ మెస్సంతా ఊపిరి బిగబట్టేది. పేలాక ఈలలు. నాకు మాత్రం ఏదోలా ఉండేది.

"చర్చికి పోయొస్తవు, మళ్ల గిన్ని చావులెట్ల చూస్తవన్నా?" అని ఒకసారి అడిగాను.

ఆయన నవ్వారు. "చావు కోసం కాదు తమ్ముడూ. దానికి ముందు ఆగుతారు చూడు, అందుకు. పైగా అందులో ఎవడిదీ ఆ ఊరు కాదు. అందరూ పని మీద ఎడారికొచ్చినవాళ్ళే. మనకి తెలియని మనుషులా?"

ఆ ఎండాకాలంలోనే మల్లేశు పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. మా పక్క ఊరివాడు. మెస్సులో ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఈల వేసేది అతనే. కంపెనీవాళ్ళు అతని ఇంటికి నన్నే ఫోన్ చేయమన్నారు. ఆస్పత్రిలో ఉన్నాడని ఇవాళ చెప్పి, నిజం రేపు చెబుదామనుకున్నాను. అందరూ అలాగే చేస్తారు. స్పీకర్ పెట్టి నంబరు కలిపాను. మల్లేశు భార్య ఎత్తి, దుబాయ్ నుంచేనా అని అడిగింది. వాళ్ళకు గల్ఫంతా దుబాయే. నేను ఆస్పత్రి మాట ఎత్తబోయాను. పక్కనే కూర్చున్న దానియేలన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"అమ్మా, నేను మల్లేశు ఫోర్‌మన్‌ని. మల్లేశు ఇక లేడమ్మా. పొద్దున పనిలో పడిపోయాడు. నేను పక్కనే ఉన్నాను."

ఆ తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు. అవతల ఏడుపూ లేదు. ఏదో ఒకటి చెప్పమని నేను సైగ చేస్తే, చెయ్యెత్తి ఆపారు. చివరికి ఆమె ఒకటే అడిగింది.

"పొద్దుగాల ఏమన్న తిన్నడా?"

"తిన్నాడమ్మా. నాతోనే తిన్నాడు."

అప్పుడు ఆమె ఏడ్చింది. ఆయన ఫోన్ పెట్టేయకుండా వింటూ కూర్చున్నారు.

తర్వాతి శుక్రవారం నేను టీవీ జోలికి వెళ్ళలేదు. ఆయనే వచ్చి అడిగారు. ఇప్పుడెందుకన్నా అని గొణిగాను.

"పెట్టు తమ్ముడూ. ఇందులో పడినవాడు షూటింగ్ కాగానే లేచి, బట్టలు దులుపుకుని అన్నానికి పోతాడు. అది చూడాలని ఉంది."

ఆ రోజు ఎవరూ ఈల వేయలేదు. ఎవడైనా నేలకూలినప్పుడల్లా, బొమ్మ మారేదాకా దానియేలన్న వాడినే చూస్తూ ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగలకుండా అంత అందంగా పడటం మనుషులకు ఎందుకు కావాలో నాకు మొదటిసారి తెలిసింది.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన ఉద్యోగం మానుకుని ఊరు చేరారు. రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయారు. నేనిప్పుడు దోహాలో వెస్ట్ బే దగ్గర ఒక ఆఫీసులో కార్మికుల వ్యవహారాలు చూస్తున్నాను. ఎవరైనా చనిపోతే ఇళ్ళకు చెప్పాల్సిన కబుర్ల కోసం కంపెనీ రాసిచ్చిన వాక్యాలున్నాయి. వాటిని పక్కన పెట్టి, నిజం ఒక్క మాటలో చెప్పి, ఫోన్ పెట్టేయకుండా ఆగుతాను. మొన్న మా జిల్లాకే చెందిన ఒక తండ్రికి కొడుకు సంగతి అలాగే చెప్పాను. చాలాసేపటి తర్వాత ఆయన గొంతు వినిపించింది.

"ఉన్నవా బిడ్డా?"

"ఉన్న బాపు," అన్నాను.