మా అమ్మను పట్టిచ్చిన నా ప్రోగ్రాం

కొంప ముంచడానికి వరదే రానక్కర్లేదు, ఇంజనీరింగ్ చదివే పిల్ల ఒకతె ఇంట్లో ఉంటే చాలని మా బంధువులు ఇప్పటికీ అంటుంటారు. ఆ పిల్లను నేనే. ఎలా ముంచానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే ఇవాళ్టికీ ముఖం చెల్లదు.

నరసరావుపేటలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు కోసం ఫోనును ల్యాప్‌టాప్‌కు కలిపి ఒక ప్రోగ్రాం రాశాను. ఫోన్లో అవతలివాళ్లు మాట్లాడేది కంప్యూటర్ వింటుంది. "ఓటీపీ", "వెంటనే", "ఎవరికీ చెప్పకు" లాంటి మాటలు మూడు పడ్డాయా, మోసమని అరిచి కాల్ కట్ చేస్తుంది. అక్కడితో ఆగితే నన్ను మేధావి అని ఎవరంటారు? ఆ కాల్లో విన్నదంతా తనే టైపు చేసి, నా ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ హెచ్చరికగా పంపేలా కూడా పెట్టాను. లోకకల్యాణం కోసమండీ!

ప్రాజెక్టు చూపించే రోజు సెమినార్ హాలు కిటకిటలాడిపోతోంది. ముందు వరసలో ఎగ్జామినర్. నా స్నేహితురాలు రమ్య బయట నుంచి దొంగలా ఫోన్ చేయాలి, అదీ ఏర్పాటు. ఫోన్ మోగింది. రమ్యే కదాని పేరైనా చూడకుండా ఎత్తాను. హాల్లోని స్పీకర్లన్నీ ఒక్కసారి మా అమ్మ గొంతుతో దద్దరిల్లాయి.

"ఏమే మౌనీ, పార్సిలాయన గుమ్మంలో ఉండాడు. నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటది, వెంటనే చెప్పు!"

"అమ్మా, నేనే తర్వాత చేస్తా, పెట్టెయ్!"

"పెట్టేసేదేంది? మీ నాన్న చెవులకి మిషను తెప్పించానే. ఆయనకి చెవుడు చానా ముదిరింది, చెబితే ఒప్పుకోడు. డాక్టరు ఊరికే ఇచ్చాడని అబద్ధం చెబుదాం. ఎవరికీ చెప్పబాక!"

"మోసం! మోసం! మోసగాడు దొరికాడు!" అని ల్యాప్‌టాప్ గావుకేక పెట్టింది.

"ఎవడే ఆ ఎదవ, నన్ను మోసగాడంటంది?" అని అమ్మ అంటుండగానే కాల్ తెగింది.

హాలు పగలబడి నవ్వింది. ఎగ్జామినర్ కళ్లు తుడుచుకుంటూ "బాగా పనిచేస్తోందమ్మా!" అన్నారు. నేనూ వెర్రినవ్వు నవ్వాను. అప్పుడు గుర్తొచ్చింది, హెచ్చరిక సంగతి! వైరు లాగేశాను కానీ, అప్పటికే పెళ్లి అయిపోయింది, బాజాలు ఆపి ఏం లాభం? రొంపిచెర్ల పెద్దమ్మ మొదలు నాన్న పత్తి కొట్టు లెక్కల కోసం నేను నంబర్లు ఎక్కించుకున్న రైతుల దాకా అందరికీ "జాగ్రత్త! ఈ నంబరు మోసగాళ్లది" అని వెళ్లిపోయింది. దాని కిందే అమ్మ మాటలు, అక్షరం పొల్లుపోకుండా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చకెక్కి ఇంటినే ఓడించాను.

ఆటోలో ఇంటికి పరిగెత్తాను. నాన్న అప్పటికే కొట్టు నుంచి వచ్చి, స్పీకర్ పెట్టుకుని పెద్దమ్మతో మాట్లాడుతున్నాడు.

"ఏం మరిదీ, నీకు చెవుడంట గదా?"

"చేపలా? ఇయ్యాల తేలేదొదినా."

అమ్మ ఫోన్ లాక్కుంది. నేను ఏడుస్తూ ఆ మెసేజ్ చూపించాను. నాన్న మెల్లగా చదువుకున్నాడు. ఎవరేమన్నా "అట్నే, అట్నే" అని తలూపుతూ ఏళ్ల తరబడి దాచుకున్న రహస్యం అది.

"రైతులకి గూడా పోయిందా?" అని అడిగాడు. ఎప్పుడూ ఊరికి వినబడేలా మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం నెమ్మదిగా అన్నాడు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"పోయింది నాన్నా."

"మరింకేం దాస్తాం? తే ఆ మిషను."

పక్క వీధుల్లో మిగతావి ఇచ్చి మళ్లీ వచ్చిన పార్సిలాయనకు ఓటీపీ చెప్పి తెచ్చిచ్చాను. నాన్న మిషను చెవులకు పెట్టుకున్నాడు. అమ్మ నన్ను తిడుతూనే ఉంది. ఆయన కాసేపు శ్రద్ధగా విని, ఉలిక్కిపడి అమ్మ వైపు తిరిగాడు.

"ఏమే, నీ గొంతు ఇంత పెద్దదా? ఇన్నాళ్లూ మన కాపురం సుఖంగా సాగింది నా చెవుడు పుణ్యమే గామాల!"

అందుకే అందరి ఎదుటా ఒట్టేస్తున్నాను. ఇక మీదట నేను ఏ యంత్రం కనిపెట్టినా, అది మా అమ్మ మాట వినదు గాక వినదు. ఈ విషయంలో దానికి తర్ఫీదు ఇవ్వడానికి నాకంటే అర్హులు పల్నాడులోనే లేరు.