నీళ్లు వేసిన గుర్తు

మా ఆయనంత మొండిఘటం ఈ గనిలోనే కాదు, భూమి మీద కూడా ఇంకొకరు ఉండరు. పైకప్పు వదులైన చోట గోడ మీద గులాబీ రంగు పూయడం ఆయన పని. ఆ గుర్తు దాటి ఎవరూ అడుగు వేయకూడదు. బాగుచేశాక వేసినవాడే దాన్ని చెరపాలి. ప్రాణాలతో పని కాబట్టి గని నడిపే పెద్దసారైనా ఈ కట్టుబాటుకు తల వంచాల్సిందే.

ఒకరోజు పాత సొరంగం మొదట్లో గోడ మీది బురద పెచ్చు ఊడి, కిందంతా గులాబీ రంగు బయటపడింది. పనివాళ్లు తట్టాబుట్టా సర్దుకుని వచ్చేశారు. పెద్దసారు మా ఆయన్ని పిలిచి చెరపమన్నాడు. ఈయన వేలితో తడిమి, వాసన చూసి, తాను వేసింది కాదన్నారు. వేయనిది చెరపరట. రేపటిలోగా చెరపకపోతే ఉద్యోగం ఊడుతుందని సారు బెదిరించాడు. చెరిపితే, ఆర్డరు లేకుండా రంగు పూసినట్టు ఒప్పుకున్నట్టే, అప్పుడూ ఊడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, ఈయనేమో గోడతో పంతం.

"ఓ తడిగుడ్డ పెట్టి తుడిచేస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అన్నాను.

"ఇవాళ ఇది తుడిస్తే, రేపు ఇంకొకడు వేసిందీ తుడుస్తాను. దాని కింద ఎవడో పోతాడు," అన్నారు.

నా కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు రాళ్లు పరీక్షించే అమ్మాయి వచ్చింది. ఓ పెచ్చు గీకి, వెచ్చబెట్టిన ఆమ్లంలో వేస్తే అది బుసబుస పొంగింది. ఆ పిల్ల గంతులు వేసింది. అది రంగు కాదట, స్ఫీరోకోబాల్టైట్ అనే అరుదైన ఖనిజమట. గోడలోని నల్ల కోబాల్టు రాయి గాలికీ తడికీ ఏళ్ల తరబడి శిథిలమై, కోబాల్టు నీళ్లలోకి దిగుతుందట. పైనున్న సున్నపురాయిలోంచి ఊరే నీళ్లు కార్బనేటు మోసుకొస్తాయట. రెండూ కలిసిన చోట గులాబీ పొర కడుతుందట.

"అయితే వేసింది నీళ్లు," అన్నారు మా ఆయన నిమ్మళంగా. "నీళ్లే వచ్చి చెరపాలి సార్."

పెద్దసారు తల పట్టుకున్నాడు. గుర్తు గుర్తేనని పనివాళ్లూ కదల్లేదు. చివరికి, వేసినవాళ్లు వచ్చి చెరిపేదాకా కాపలా ఉండమని మా ఆయన్నే ఆ సొరంగం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జీతం అదే. నీళ్లు వచ్చాయా అని నేను సాయంత్రం అడిగేదాన్ని. వచ్చాయి, ఇంకాస్త పూసిపోయాయి అనేవారు.

ఈ వేసవిలో ఊట ఎండిపోయింది. వేసినవాళ్లు పని మానేసి పోతే గుర్తు చెల్లదు, కాపలా అక్కర్లేదు, కాపలావాడూ అక్కర్లేదు అంటున్నాడట పెద్దసారు. అన్నీ అతనికిప్పుడే గుర్తొస్తాయి.

మామూలు నీళ్లతో ఏ పొరా కట్టదని ఆ అమ్మాయి అప్పుడే చెప్పింది. అయినా గోడ తడిగా కనిపిస్తే చాలు కదా అని, క్యారేజీతో పాటు ఓ సీసా నీళ్లు ఇచ్చి పంపుతున్నాను. ఆ మహానుభావుడు పోయరు. ఒకరి పని ఇంకొకరు చేయకూడదట. సాయంత్రం సీసా నిండుగానే ఇంటికొస్తుంది. నాకు ఏడుపొస్తుంది. మర్నాడు నీళ్లు మార్చి మళ్లీ ఇస్తాను.