పూజలో పెట్టిన పానా

అన్నయ్య పోయి పదిహేను రోజులైంది. ఆయన బతికుండగా రాయవలసిన సంగతి ఇది.

కంప్లి దగ్గర తుంగభద్ర దాటించే ఇంజను పడవను ఆయన నడిపేవాడు. పడవ ఒక వ్యాపారిది. ఆ జీతం మీదే బళ్ళారిలో నా కాలేజీ చదువు నడిచేది. ఆ ఏడు దసరా సెలవులకు వచ్చాను. ఆయుధపూజ నాడు పొద్దున ఇంజనును ఏటి నీళ్ళతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పానాలు దాని ముందు పేర్చారు. మర్నాటి దాకా వాటిని ముట్టకూడదు.

మధ్యాహ్నం, అవతలి గట్టున ఉన్న తన బంధువులను తీసుకురమ్మని యజమాని చెప్పాడు. డీజిల్లోని నీళ్ళు దిగే గాజు గిన్నెలో అప్పటికే అడుగున నీళ్ళు కనిపిస్తున్నాయి. కడిగినప్పుడు ట్యాంకులోకి పోయి ఉంటాయి.

అన్నయ్య వెలుగుతున్న హారతి పళ్ళేన్ని ముందు గట్టుకు పంపేశాడు. ట్యాంకు కింది కుళాయి మూసి, గాజు గిన్నె కింద డబ్బా పెట్టి అందులోని నీళ్ళు వదిలాడు. పానా కళ్ళకద్దుకుని తీసి, తడిసిన ఫిల్టరు విప్పాడు.

గట్టున కూర్చున్న ముసలమ్మ అరిచింది. "ఏమప్పా, సామి ముందరివి ముడతాండావా? కండ్లు పోతాయి!"

"పోతే నా కళ్ళేలే అవ్వా!"

గట్టంతా నవ్వింది. ఇంతలో యజమాని పిలిచాడు. అన్నయ్య కొత్త ఫిల్టరు నా చేతికిచ్చి, పానాను తిరిగి పూజలో పెట్టాడు.

"కూర్చోబెట్టి పానాతో బిగించు. కుళాయి తెరిచి, గాలి బుడగలు ఆగేదాకా పైస్క్రూ వదిలి ఉంచు. చుట్టూ తుడిచి, కారడం లేదని చూసుకున్నాకే నన్ను పిలువు."

అన్నీ చేశాను, పానా తప్ప. అందరూ చూస్తున్నారు. చదువుకున్నవాడికి భయభక్తులు లేవంటారని ఫిల్టరు బోల్టును చేత్తోనే బిగించాను.

"బిగించావా?" పిలవగానే వచ్చి అన్నయ్య అడిగాడు.

"ఆఁ."

ఇద్దరం వెళ్ళి బంధువులను ఎక్కించుకుని వస్తుండగా నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. పడవ కొట్టుకుపోయి బండలకు తగిలింది, పలకలు చీలాయి. గుండ్రటి పుట్టి పడవలవాళ్ళు వచ్చి అందరినీ దించారు. ప్రాణాలకేమీ కాలేదు.

అన్నయ్య ఫిల్టరు కింది బోల్టును వేళ్ళతో తిప్పి చూశాడు. సులువుగా తిరిగింది; ఆ సందులోంచే గాలి చొరబడింది. నావైపు చూశాడు.

బోల్టు వదులుగా ఉందని తెలిసి, గట్టు మీద యజమాని గట్టిగా అడిగాడు. "ఎవురప్పా బిగిచ్చింది?"

"నేనే," అన్నాడు అన్నయ్య.

"అట్లయితే రేపట్నించి ఈ తట్టు రావద్దు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి చాలినంత సేపు ఉంది.

ఇంటికి నడుస్తూ అన్నయ్య ఒక్క మాటే అన్నాడు. "అమ్మ అడిగితే నేనే మరిచానని చెప్పు."

అలాగే చెప్పాను. ఆయన వేరేవాళ్ళ మళ్ళలో కూలికి వెళ్ళి నన్ను చదివించాడు. నేను ఆ మాటను ఇన్నాళ్ళూ మార్చలేదు.