తెలుసన్న మనిషి

మా ఊరి చర్చి అయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా కళ్ళు మూసుకుని, బైబిలు మీద అరచెయ్యి ఆనించి, "నాకు తెలుసు" అనేవాడు.

పత్తిని పురుగు తినేసిన ఏడాది మా నాన్న పురుగుమందు తాగి చనిపోయాడు. అలా పోయినవాళ్ళకి సమాధుల దొడ్డిలో చోటు లేదన్నాడు అయ్యగారు. "వాడు నరకానికే పోయాడు. నాకు తెలుసు." నాన్నని కంచె బయట తుమ్మచెట్ల కింద పూడ్చాం. ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోదలుచుకోలేదు.

కొన్నేళ్ళకి మిరపతోట ఎండిపోయి అయ్యగారి కొడుకూ ఆ మందే తాగాడు. అయ్యగారు శవాన్ని కంచె బయటికే మోయించి, మా నాన్న పక్కన గొయ్యి తీయించాడు. ఊరంతా చూస్తుండగా అడిగాను.

"మీవాడు ఎక్కడికి పోయాడో తెలుసా అయ్యగారూ?"

ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. బైబిలు మీంచి చెయ్యి తీసేశాడు.

"తెలియదమ్మా. తెలియకుండానే ప్రార్థన చేస్తున్నా. ఇద్దరి కోసం."

ఆ 'తెలియదు' వినడానికే అన్నేళ్ళూ కాచుకుని ఉన్నాను. ఆయన చేసిన ప్రార్థనల్లో నేను నమ్మిందీ అదొక్కటే.

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. నాన్న ఇంకా కంచె బయటే ఉన్నాడు. ఇప్పటికీ అనను.